అప్పు పైన, శివారు కింద: దివిసీమ కష్టకాలాలు

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలుతుంది. సముద్రంలో కలిసేలోపు ఆ పాయల నడుమ ఉన్న నేలే దివిసీమ. నాగాయలంక ఆ నేలకు దాదాపు కొసన, పడమటి పాయ ఒడ్డున ఉంది. దానికి దిగువన సొర్లగొంది, ఎదురుమొండి, నాచుగుంట వంటి ఊళ్ళు, ఆ తరవాత మడ అడవి, ఆ తరవాత సముద్రం. బెజవాడలో కాలువకు వదిలిన నీరు ఎన్నో లాకులూ తూములూ దాటి ఇక్కడికి రావాలి. పైన ఎవరు ఎంత ఎక్కువ వాడుకున్నా తరుగు తేలేది ఇక్కడే. కాలువ చివరి భూములను రైతులు శివారు భూములంటారు. ప్రభుత్వ ఖజానా విషయంలోనూ దివిసీమది శివారు బతుకే. లండన్, కలకత్తా, మద్రాసు, హైదరాబాదు, ఎక్కడి ప్రభుత్వం అప్పుల్లో పడినా ఆ భారం శిస్తుగా, ఉప్పు ధరగా, పూడిక తియ్యని కాలువగా, కట్టని కరకట్టగా ఇక్కడిదాకా వచ్చింది. రెండు వందల ఏళ్ళలో అది ఎన్నిసార్లు, ఏయే దారుల్లో వచ్చిందో, జనం దాన్ని ఎలా తట్టుకున్నారో చెప్పుకుంటే ఈ ప్రాంత చరిత్రలో ముఖ్యమైన భాగం చెప్పుకున్నట్టే.

బందరు 1759లో ఇంగ్లీషు కంపెనీ చేతికి వచ్చింది. కల్నల్ ఫోర్డు ఫ్రెంచివారి కోటను పట్టుకున్నాక నిజాం సలాబత్ జంగు బందరు, నిజాంపట్నం ప్రాంతాలను కంపెనీకి రాసిచ్చాడు. 1802లో ఉత్తర సర్కార్లలో శాశ్వత శిస్తు విధానం పెట్టారు. దివిసీమలో ఎక్కువ భాగం దేవరకోట, అంటే చల్లపల్లి జమీందారీ కిందికి వచ్చింది. జమీందారు కంపెనీకి కట్టే పేష్కష్ ఏటా మారదు. వాన పడినా పడకపోయినా, ఉప్పెన వచ్చినా కట్టాల్సిందే. చెరువులు, కాలువలు బాగుచేసే బాధ్యత మాత్రం ఎవరి మీదా గట్టిగా లేదు. జమీందారు కంపెనీని చూపించేవాడు, కంపెనీ జమీందారును చూపించేది.

ఆ కాలంలో సీమ జనానికి నేల తరవాత పెద్ద ఆదరువు నేత. బందరు అద్దకాలు, చుట్టుపక్కల పల్లెల్లో నేసిన బట్టలు పర్షియా దాకా వెళ్ళేవి. కంపెనీ కూడా నేతగాళ్ళకు బయానా ఇచ్చి బట్ట కొనేది. మాంచెస్టరు మిల్లు బట్ట వచ్చాక, 1813లో వ్యాపార గుత్తాధికారం పోయాక కంపెనీ ఆ కొనుగోళ్ళు తగ్గించుకుంటూ వచ్చి చివరకు మానేసింది. పొలం పండని ఏడు మగ్గం, మగ్గం ఆడని ఏడు పొలం ఆదుకునే ఇళ్ళకు ఒక కాలు విరిగినట్టయింది.

అదే సమయానికి కంపెనీ యుద్ధాల అప్పుల్లో ఉంది. 1824 నుంచి 1826 దాకా జరిగిన బర్మా యుద్ధం అంతకుముందు లేనంత ఖర్చు పెట్టించింది. 1828లో గవర్నర్ జనరల్‌గా వచ్చిన విలియం బెంటింక్‌కు పైవాళ్ళు అప్పజెప్పిన మొదటి పని ఖర్చు తగ్గించడం. ఆయన సైనికాధికారుల బత్తాను సగానికి కోస్తే పెద్ద అలజడి రేగింది. సైనికాధికారులకు గొంతు ఉంది కాబట్టి ఆ కోత సంగతి చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కింది. చెరువు కట్టలకు, కాలువ పూడికలకు పెట్టని ఖర్చు గురించి అరిచేవాళ్ళు లేరు. అది నాలుగేళ్ళకు బయటపడింది.

నందన నామ సంవత్సరం, అంటే 1832-33. అంతకుముందే పంటలు దెబ్బతిని ఉన్నాయి. 1832లో గాలివాన వచ్చి పోయాక వానలు మొహం చాటేశాయి. గుంటూరు, బందరు ప్రాంతాల జనం దీన్ని నందన కరువుగా చెప్పుకున్నారు. మొదట గాదెలు ఖాళీ అయ్యాయి, తరవాత విత్తనాల పాతర్లు. గొడ్డును తోలుకుపోయి అయినకాడికి అమ్మారు. కొనేవాడి దగ్గరా గడ్డి లేకపోతే దాన్ని వదిలేశారు. తాటి తేగలు, కలువ దుంపలు, గడ్డి గింజలు, చింతగింజలు తిండిలోకి వచ్చాయి. అవీ అయిపోయాక ఊళ్ళు కదిలాయి. మద్రాసులో గంజి దొరుకుతుందని విన్నవాళ్ళు దక్షిణపు బాట పట్టారు. ఆ బాట పొడుగునా శవాలు పడి ఉన్నాయని ఆనాటి అధికారులే రాశారు. అయిదు లక్షల జనమున్న గుంటూరు జిల్లాలో లక్షన్నర నుంచి రెండు లక్షల మంది పోయారని లెక్కలు చెబుతున్నాయి. పక్కనున్న బందరు జిల్లా కూడా తీవ్రంగా నష్టపోయింది. ఏటా లక్షల కోట్ల ఘనపుటడుగుల నీటిని సముద్రంలోకి వదిలే పెద్ద నది గట్టు మీద మనుషులు ఆకలితో చచ్చిపోయారు. ఇది ప్రకృతి కోపం ఒక్కటే అనడం సరికాదు.

ఆ శవాలు పూడ్చిన ఏడే, 1833 ఆగస్టులో, లండన్ పార్లమెంటు కంపెనీకి కొత్త చార్టరు చట్టం చేసింది. కంపెనీ ఇకమీదట వ్యాపారం చెయ్యదు. దాని వాటాదార్లకు మాత్రం ఏటా పదిన్నర శాతం చొప్పున డివిడెండు ముడుతుంది. మొత్తం 6,30,000 పౌండ్లు. అది భారతదేశపు రాబడి నుంచి ఇవ్వాలి. కంపెనీ చేసిన అప్పులకు కూడా ఈ దేశపు శిస్తులే పూచీ. అందువల్ల గుంటూరులో సగం ఇళ్ళు పాడుబడి ఉన్నప్పుడు కూడా మిగిలిన సగం ఇళ్ళ శిస్తులో ఒక వంతు లండన్‌లో వాటా పత్రాలు ఉన్నవాళ్ళకు వెళ్ళింది. ఆ చట్టం మీది వ్యాఖ్యానాలన్నీ చదివినా దీనికి న్యాయం కనిపించదు.

కరువు తరవాత కంపెనీకి కూడా నష్టం తెలిసింది. దున్నేవాళ్ళు లేక భూములు బీళ్ళయ్యాయి. రాబడి ఏళ్ళ తరబడి కోలుకోలేదు. గుంటూరు జమీందారులు బకాయిల్లో మునిగారు, ఎస్టేట్లు ప్రభుత్వ స్వాధీనంలోకి పోయాయి. 1840ల్లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ అక్కడి లెక్కలు చూశాడు. కరువుకు విరుగుడుగా కృష్ణకు ఆనకట్ట కట్టాలన్న ఆలోచన కొత్తది కాదు. 1790ల్లోనే మేజర్ బీట్సన్ అలాంటి పరిశీలన చేశాడు. అరవై ఏళ్ళపాటు డబ్బు లేదన్న ఒక్క మాట దాన్ని ఆపింది. ఆర్థర్ కాటన్ ధవళేశ్వరంలో గోదావరి ఆనకట్ట మొదలుపెట్టాక, కృష్ణకూ అటువంటిదే కావాలని ఇంజనీర్లు గట్టిగా అడిగారు. కెప్టెన్ ఓర్ పర్యవేక్షణలో 1852లో పని మొదలై 1855లో ఆనకట్ట పూర్తయింది. ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ మధ్య నీరు నిలిచింది. కాలువలు బందరు దిక్కుకూ, గుడివాడ దిక్కుకూ, పడమటి గట్టుకూ సాగాయి. నందన కరువులో ఎండిన నేల ఒక తరం తిరిగేసరికి వరి మాగాణి అయింది.

కృష్ణా డెల్టా కాలువలు పెట్టుబడి మీద వడ్డీ పోను ఏటా లాభం తెచ్చాయి. తరవాతి రోజుల్లో ప్రభుత్వం ఇలాంటి పనులకు ఒక సూత్రం పెట్టింది. అప్పు తెచ్చి కట్టే నీటి పథకం కొన్నేళ్ళలో ఆ అప్పు వడ్డీకి సరిపడా రాబడి తేవాలి. అలా తెచ్చేవాటిని ‘ఉత్పాదక’ పనులన్నారు. నీటి తీరువా, పెరిగిన శిస్తు ఆ రాబడికి లెక్క. మురుగు కాలువ, కరకట్ట, ఉప్పెనకు అడ్డుగోడ ఇలాంటి లెక్కకు అందవు. అవి నష్టాన్ని ఆపుతాయే తప్ప తీరువా తేవు. డెల్టాలో సాగు కాలువలు ముందు, మురుగు కాలువలు చాలా వెనక రావడానికి ఈ లెక్క ఒక పెద్ద కారణం. కాలువ కొసన ఉన్న దివిసీమకు, గుడివాడ దిగువ పల్లాలకు మురుగు బాధ ఈనాటిదాకా ఉంది.

1857 తిరుగుబాటు అణచడానికి అయిన ఖర్చు కూడా ఈ దేశపు పద్దులోనే రాశారు. అంతకుముందు సుమారు ఆరు కోట్ల పౌండ్లున్న అప్పు రెండు మూడేళ్ళలో పది కోట్ల దగ్గరకు చేరింది. దాన్ని సర్దడానికి జేమ్స్ విల్సన్‌ను పంపారు. ఆయన 1860లో ఆదాయపు పన్ను తెచ్చి, అదే ఏడు కలకత్తాలో చనిపోయాడు. ఉప్పు పన్ను కూడా పెరిగింది. 1864లో మద్రాసు ప్రభుత్వం రెవెన్యూ రికవరీ చట్టం చేసింది. శిస్తు బాకీ ఉంటే పంట, పశువు, భూమి దేన్నయినా జప్తు చేసి వేలం వేసే అధికారం అది. అదే సంవత్సరం నవంబరు 1 రాత్రి బందరు మీద ఉప్పెన పడింది. సుమారు 30 వేలమంది చచ్చిపోయారు. బందరు ఆ దెబ్బ నుంచి పూర్తిగా తేరుకోలేదు. పాత రేవు వైభవం పోయి ఊరు కచేరీలు, బడులు ఉన్న జిల్లా కేంద్రంగా మిగిలింది. 1871లో స్థానిక నిధుల చట్టం కింద శిస్తు రూపాయికి అదనంగా సెస్సు పెట్టారు. రోడ్లు, ఆస్పత్రులు, బడులు ఇక ఆ సెస్సుతో నడవాలని దాని భావం. పై ఖజానా తేలిక చేసుకున్న బరువు ఊరి మీదికి వచ్చింది.

ధాత కరువు నాటికి, అంటే 1876-78లో, మద్రాసు రాష్ట్రంలో లక్షల మంది చనిపోతుంటే కృష్ణా, గోదావరి డెల్టాల్లో పంట చేతికొచ్చింది. ఇక్కడి బియ్యం కరువు జిల్లాలకు వెళ్ళింది. ఆనకట్టల మీద పెట్టిన డబ్బు ఎంత విలువైనదో దీనికి మించిన రుజువు అక్కర్లేదు. అయినా అప్పటి కేంద్ర ప్రభుత్వం పాఠం మరో రకంగా నేర్చుకుంది. కరువు పనుల్లో కూలీల ఖర్చు తగ్గించమని వైస్రాయి లిట్టన్ పంపిన రిచర్డ్ టెంపుల్ 1877 జనవరిలో కూలీని రోజుకు పౌను ధాన్యం, కాస్త చిల్లరకు కుదించాడు. పౌనంటే నాలుగు వందల యాభై గ్రాములు. మట్టి తవ్వే మనిషికి అది చాలదని రాష్ట్ర ఆరోగ్యాధికారి కార్నిష్ గట్టిగా వాదించాడు. కొన్ని నెలలకు కూలీ పెంచారు. అప్పటికే ఎందరో పోయారు. మరుసటి ఏడు కరువు బీమా నిధి పేరుతో కొత్త పన్నులు వేశారు. ఆ వెంటనే అఫ్ఘాన్ యుద్ధం వచ్చి ఖజానా మీద ఇంకా భారం వేసింది.

అయితే ఆనకట్ట నీరు దివిసీమకు వెంటనే రాలేదు. రెండు పాయల నడుమ లంక కాబట్టి కాలువ నది దాటి రావాలి. 20వ శతాబ్దపు మొదటి దశకంలో పెద్ద డీజిల్ ఇంజన్లు పెట్టి కృష్ణ నీటిని లంకలోకి తోడారు. ఆనాటికి అంత పెద్ద పంపుల ఏర్పాటు అపురూపం. తరవాత పులిగడ్డ దగ్గర తూర్పు పాయ మీదుగా అక్విడక్టు కట్టి కాలువను దాటించారు. అప్పటినుంచి అవనిగడ్డ, కోడూరు, నాగాయలంక ప్రాంతాల వరి ఆ ఒక్క వంతెన మీద ఆధారపడింది. మోకాలు మించిన పూడిక కాలువలో ఉంటే నాట్లు ఆలస్యం, నాట్లు ఆలస్యమైతే కోత సమయానికి నవంబరు గాలివాన. శివారు రైతుకు కాలువ మరమ్మతు ఖర్చంటే ఇంత దగ్గరి సంగతి.

శిస్తు కిస్తీలు సంక్రాంతి నుంచి ఉగాది దాకా పడతాయి. సరిగ్గా అప్పుడే అందరి వడ్లూ కళ్ళాల్లో ఉండి ధర అడుగున ఉంటుంది. అమ్మక తప్పదు. ఆషాఢం వచ్చేసరికి విత్తనానికి, తిండికి నాగు తెచ్చుకోవాలి. నాగంటే ధాన్యం అప్పు: పంట రాగానే తీసుకున్నదాని మీద సగం కలిపి ధాన్యంగానే కొలిచే అలవాటు చాలాచోట్ల ఉండేది. డబ్బు కావాలంటే షావుకారు దగ్గర ప్రోనోటు, పెద్ద మొత్తమైతే భూమి తనఖా. ఈ వలయం నుంచి బయటపడే దారి వెతికినవాళ్ళలో బందరు డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్య ఒకరు. వైద్యం మాని ప్రజాజీవితంలోకి వచ్చిన ఆయన 1923 నవంబరు 20న బందరులో ఆంధ్రా బ్యాంకును రిజిస్టరు చేయించారు. అధీకృత మూలధనం 10 లక్షలు, చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. నవంబరు 28న లావాదేవీలు మొదలయ్యాయి. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ కూడా ఆయన చేతుల మీదుగానే వచ్చింది. బ్యాంకు పుట్టిన ఏడే ప్రభుత్వం లోటు పూడ్చుకోవడానికి ఉప్పు పన్నును మణుగుకు రూపాయి పావలా నుంచి రెండున్నర రూపాయలకు పెంచింది. శాసనసభ కాదన్నా వైస్రాయి రీడింగ్ తన ప్రత్యేకాధికారంతో దాన్ని అమలు చేశాడు. మరుసటి ఏడు పాత రేటుకు దించక తప్పలేదు. సముద్రం ఒడ్డున, కళ్ళ ముందే ఉప్పు పేరుకునే ఊళ్ళలో పన్ను కట్టి ఉప్పు కొనుక్కోవడం జనానికి ఎంత కోపం తెప్పించిందో 1930 సత్యాగ్రహంలో బందరు తీరం చూపించింది.

ఆ సత్యాగ్రహం సమయానికే పెద్ద మాంద్యం మొదలైంది. 1929 తరవాత రెండు మూడేళ్ళలో వడ్ల ధర సగానికి అటూ ఇటూగా పడిపోయింది. బర్మా, సయాం బియ్యం చౌకగా ఓడల్లో వచ్చి పడడంతో ధర తేరుకోలేదు. శిస్తు మాత్రం నగదులో నిర్ణయించింది. అంతకుముందు పది బస్తాలు అమ్మి శిస్తు కట్టిన రైతు ఇప్పుడు ఇరవై బస్తాలు అమ్మాలి. అలాంటి సమయంలో మద్రాసు ప్రభుత్వం కృష్ణా, గోదావరి జిల్లాల్లో రీసెటిల్‌మెంటు పేరిట శిస్తును రూపాయికి మూడణాలు, అంటే 18¾ శాతం పెంచింది. ప్రభుత్వానికి తన లోటు ఉంది, నిజమే. కానీ పంట ధర పడిపోయినప్పుడు శిస్తు పెంచడం రైతు ఇంట్లో దేన్ని అమ్మిస్తుందో ఆ లెక్కలో లేదు.

రాజధానుల్లో కోత అందరి మీదా పడింది. 1931 చివర కేంద్రం అత్యవసర బడ్జెట్ తెచ్చి ఉన్న పన్నులన్నిటి మీదా పావు వంతు సర్‌చార్జి వేసింది. ఉప్పు పన్ను రూపాయి తొమ్మిదణాలైంది. అర్ధణా కార్డు ముప్పావు అణాకు, అణా కవరు అణా పైసాకు చేరాయి. ప్రభుత్వోద్యోగుల జీతంలో పది శాతం కోత పెట్టారు. బందరు కచేరీ గుమాస్తా ఇంట్లో ఆ కోతకు ముందు సరుకుల కొట్టు బాకీ పెరిగింది, తరవాత కూతురి పెళ్ళి వాయిదా పడింది. నాగాయలంకలో మనిషికి జీతం లేదు గనక కోత అనే మాటే లేదు. అయినా కార్డు మీద కాణీ పెరిగినప్పుడు దూరపు ఊళ్ళో ఉన్న కొడుక్కి ఉత్తరం రాయడం తగ్గిపోయింది.

బంగారం కథ ఇంకా బాధాకరం. 1931 సెప్టెంబరు 21న బ్రిటన్ బంగారు ప్రమాణాన్ని వదిలింది. అంతకుముందు తులం ఇరవై ఒకటి ఇరవై రెండు రూపాయలున్న బంగారం కొద్ది నెలల్లోనే ముప్పై దగ్గరకు చేరింది. ధర పెరిగింది కాబట్టి అమ్మమని వ్యాపారులు వచ్చారు. అప్పు, శిస్తు రెండూ గుమ్మంలో ఉన్న ఇల్లు కాదనలేదు. కంసాలి దుకాణంలో కాసుల పేరునో, పట్టెడనో గీటురాయి మీద గీసి తూస్తుంటే ఇంటి ఆడవాళ్ళు పక్కన నిలబడి చూసేవారు. చివరకు పుస్తెల తాడు దగ్గరికి వచ్చేది. పుస్తెలు రెండూ అట్టే పెట్టుకుని, బంగారు గొలుసు తీసి పసుపుతాడు కట్టుకునేవాళ్ళు. గొలుసు తూకం వెయ్యడానికి ముందు అది మెడ మీదినుంచి దిగేదాకా కంసాలి ముఖం పక్కకు తిప్పుకునేవాడని ఈ ప్రాంతంలో చెప్పుకునేవారు. అలా పల్లెల నుంచి బయలుదేరిన బంగారం బొంబాయి మీదుగా లండన్ వెళ్ళింది. వందల కోట్ల రూపాయల విలువైన ఆ ఎగుమతి దేశానికి విదేశీ చెల్లింపులు తీర్చుకునే వెసులుబాటు ఇచ్చింది. దాన్ని ఆర్థిక స్థైర్యం అని ప్రభుత్వం పిలిచింది. బందరు పక్కనే ఉన్న చిలకలపూడిలో పూత నగల పని ఆ రోజులకే ఉంది. అసలు బంగారం లేని పెళ్ళికూతుళ్ళకు ఆ పూత నగలే అలంకారం అయ్యాయి.

రైతులు ఊరికే కూర్చోలేదు. రీసెటిల్‌మెంటు ఆపాలని సభలు జరిపారు, తీర్మానాలు పంపారు, కొన్నిచోట్ల శిస్తు కట్టం అన్నారు. ఎన్.జి. రంగా నాయకత్వంలో రైతు సంఘాలు ఈ జిల్లాల్లో బలపడ్డాయి. ప్రభుత్వం ఆర్థిక విచారణ జరిపించి కొంత వజా ఇచ్చింది. అప్పుల లెక్క తీసినప్పుడు 1930లో మద్రాసు బ్యాంకింగ్ విచారణ సంఘం రాష్ట్రపు గ్రామీణ రుణం 150 కోట్లంది. 1935లో సత్యనాథన్ నివేదిక 200 కోట్లంది. ధరలు సగమైన అయిదేళ్ళలో అప్పు మూడో వంతు పెరిగింది. 1937 నాటి రైతు రక్షణ యాత్ర ఇచ్ఛాపురంలో బయలుదేరి కోస్తా జిల్లాల మీదుగా మద్రాసు దాకా నడిచింది. ఆ ఒత్తిడి, కాంగ్రెస్ ప్రభుత్వం రావడం కలిసి 1938లో మద్రాసు వ్యవసాయదారుల రుణ విమోచన చట్టం వచ్చింది. రాజగోపాలాచారి మంత్రివర్గం చేసిన ఈ చట్టం 1932 అక్టోబరు 1కి ముందటి అప్పుల మీద 1937 అక్టోబరు 1 నాటికి ఉన్న వడ్డీ మొత్తాన్ని కొట్టేసింది. అసలు కట్టాలి. అప్పటికే అసలుకు రెట్టింపు కట్టి ఉంటే ఆ అప్పు పూర్తిగా రద్దయినట్టే. ఆ తరవాతి అప్పులకు వడ్డీ అయిదు శాతానికి తగ్గించింది. షావుకార్లు దీన్ని దోపిడీ అన్నారు. రైతులకు ఏళ్ళ తరవాత గాలి పీల్చినట్టయింది. అయితే చట్టం రాకమునుపే అమ్ముడుపోయిన భూమి తిరిగి రాలేదు.

1948లో ఎస్టేట్ల రద్దు చట్టం చల్లపల్లి జమీందారీకి ముగింపు పలికింది. 1952లో పాత ఆనకట్ట కోతపడింది. దాని స్థానంలో ప్రకాశం బ్యారేజి 1954 ఫిబ్రవరిలో మొదలై 1957 డిసెంబరులో పూర్తయింది. డెల్టా రైతుకు మళ్ళీ భరోసా దొరికింది. సముద్రం వైపు మాత్రం గోడ లేదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో ఆ లోటుకు దివిసీమ ఇచ్చిన ఖరీదు పది వేల ప్రాణాలకు పైమాటే. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి ఊళ్ళకు ఊళ్ళు కొట్టుకుపోయాయి. 1864 ఉప్పెన నాటి నుంచి ఆ తీరానికి ఏం రావచ్చో తెలుసు. తెలిసి కూడా నూట పదమూడేళ్ళలో తుఫాను షెల్టర్లు, సరైన హెచ్చరిక ఏర్పాటు, సముద్రపు కరకట్ట తగినంతగా రాలేదు. అవి తీరువా తెచ్చే పనులు కావు మరి. ఆ తరవాతే ఆ ఖర్చు అక్కరలేనిదని అనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

1990ల్లో అప్పు కథ మరో మలుపు తిరిగింది. 1996లో రాష్ట్ర ప్రభుత్వం ఖజానా పరిస్థితి మీద శ్వేతపత్రాలు వేసింది. కిలో రెండు రూపాయల బియ్యం మూడున్నర రూపాయలైంది. 1983లో ఎన్టీ రామారావు మొదలుపెట్టిన ఆ బియ్యం కూలి ఇళ్ళలో నెల గడవడానికి ఆసరా. నీటి తీరువా దాదాపు మూడు రెట్లు పెరిగింది. 1997లో నీటి సంఘాల చట్టం చేసి, జూన్‌లో వాటికి ఎన్నికలు జరిపారు. 1998లో ప్రపంచ బ్యాంకు అప్పుతో ఆర్థిక పునర్నిర్మాణ పథకం వచ్చింది. కాలువలను రైతులే చూసుకోవాలన్న ఆలోచనలో మంచి ఉంది. పూడిక తీసిన చోట నీరు బాగా సాగింది. కానీ తీరువా కాలువ పొడుగునా ఒకే రేటు. నీరు మాత్రం పై రైతుకు ఆగస్టులో, శివారు రైతుకు సెప్టెంబరు దాటాక. తీరువా మూడు రెట్లైన ఏడాది శివారులో ఆఖరి తడి అందక ఎండిన చేను కూడా అదే తీరువా కట్టింది.

ఆ పదేళ్ళలో దివిసీమ కుటుంబాలు రకరకాలుగా నెట్టుకొచ్చాయి. ఉప్పు పట్టిన పొలాన్ని రొయ్యల చెరువుగా మార్చి కొందరు బాగుపడ్డారు, 1994-95లో తెల్లమచ్చ వైరస్ వచ్చినప్పుడు కొందరు మునిగిపోయారు. కౌలు భూమి వదిలి విజయవాడ, హైదరాబాదు కూలికి వెళ్ళినవాళ్ళున్నారు. ఇంట్లో ఉన్న ఆడవాళ్ళు రోజుకు రూపాయి చొప్పున దాచి డ్వాక్రా సంఘాల్లో కలిశారు. ఆ పొదుపు నిజంగా పెద్ద ఆసరా అయింది. సంఘాల క్రమశిక్షణ చూసి సూక్ష్మ రుణ సంస్థలు వచ్చాయి. ఒక్కో ఇంటికీ మూడు నాలుగు అప్పులు, వారం వారం కిస్తీ, కట్టలేనివాళ్ళ గుమ్మం ముందు మిగతా సభ్యుల చేత నిలదీయించడం. 2006 మార్చిలో కృష్ణా జిల్లా యంత్రాంగం అలాంటి సంస్థల సుమారు యాభై శాఖలను మూయించింది. దేశమంతా దాని గురించి మాట్లాడుకుంది. 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఆ వసూళ్ళకు కళ్ళెం వేసింది. రెండు రూపాయల బియ్యం 2008 ఏప్రిల్‌లో తిరిగి వచ్చింది, 2011 నవంబరు నుంచి కిలో రూపాయి అయింది.

పట్టాభి బందరులో పెట్టిన బ్యాంకును 1980 ఏప్రిల్ 15న ప్రభుత్వం జాతీయం చేసింది. ఆపై నలభై ఏళ్ళకు, మొండి బాకీల బరువు మోస్తున్న ప్రభుత్వ రంగ బ్యాంకులను కుదించే పనిలో భాగంగా, 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయింది. బందరు, గుడివాడ, అవనిగడ్డ శాఖల బోర్డుల మీద పేరు మారింది. లోపల పంట రుణాల పద్దులు, తాకట్టు బంగారం సంచులు అలాగే ఉన్నాయి.